పది అరచేతులు

పొట్ట లోపలికి లాక్కుని నిలబడేవాళ్ళంటే టేపు మాస్టరుకి గిట్టదు. ఇరవై ఆరేళ్ళుగా జనం నడుములు కొలుస్తున్నాడు. టేపు తీసుకుని దగ్గరికొస్తున్నాడనగానే మగవాళ్ళలో సగంమంది ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడతారు. ఆ కొలతకి ప్యాంటు కుట్టిస్తే, పదిరోజుల్లో తిరిగొచ్చి బిగుతైందని నిష్ఠూరమాడేదీ వాళ్ళే. అందుకని అతనొక మాట అలవాటు చేసుకున్నాడు. టేపు నడుం చుట్టూ వేసి, ఒక్క క్షణం ఆగి, "ఊపిరి వదలండి సార్, బట్టతో అబద్ధమాడకండి" అంటాడు. అవతలి మనిషి సిగ్గుపడి నవ్వుతాడు. నవ్వగానే పొట్ట తన చోటికి తాను వచ్చేస్తుంది. అప్పుడు అంకె చూస్తాడు.

ఇంట్లో కూడా ఇది పాత జోకే. భార్య ఏదో దాస్తోందని అనుమానమొస్తే, ఊపిరి వదులు, ఊపిరి వదులు అని వెంటపడేవాడు. ఆవిడ ఎక్కువసేపు దాచలేకపోయేది. కొలత విషయంలో అంత నిక్కచ్చి మనిషి మూడు వారాలుగా చేస్తున్న పని మాత్రం పైకి చెప్పుకునేది కాదు.

ఆ మంగళవారం షాపుకి ఒక కాపలా కంపెనీ మేనేజరు వచ్చాడు. అతని నీలం కోటు ట్రయలు. మాస్టరు భుజం దగ్గర కుట్టు విప్పి, గుండుసూదులు గుచ్చి, సుద్దతో గీత గీస్తున్నాడు. చెయ్యెత్తినప్పుడు అతని చొక్కా చెయ్యి మణికట్టు దాటి కొంచెం పైకి జారింది. కోటు భుజం మీద తెల్లటి పొట్టు నాలుగు రవ్వలు రాలింది. మేనేజరు అద్దంలో చూసి, "సుద్ద పొడా మాస్టారూ?" అన్నాడు.

"సుద్దే సార్," అన్నాడు మాస్టరు. జేబులోంచి బ్రష్షు తీసి దులిపాడు. ఆ బ్రష్షు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

దులిపేటప్పుడే మేనేజరు కళ్ళు మణికట్టు మీద పడ్డాయి. ఎర్రటి మచ్చ, దానిమీద వెండి రేకులా లేచిన పొట్టు. అతను ఒక అరడుగు వెనక్కి వేశాడు, అంతే. ఆ అరడుగు కౌంటరు దగ్గరున్న ఓనరు కూడా చూశాడు.

ఓనరు చెడ్డవాడు కాదు. మేనేజరు వెళ్ళాక మాస్టరుని పిలిచి, లోపలి గదిలో ఫ్యాను గాలి బాగుంటుందని, కొన్నాళ్ళు కటింగు అక్కడే చేసుకోమని, కొలతలు మిషను మీద కూర్చునే అమ్మాయి తీస్తుందని, అతనికేదో మేలు చేస్తున్నట్టే చెప్పాడు. చివర్లో కొంచెం గొంతు తగ్గించి, టేపు అమ్మాయికిచ్చెయ్యమన్నాడు. మాస్టరు మెళ్ళోంచి టేపు తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి రెండు వేళ్ళతో అందుకుని, వెనక కుళాయి దగ్గరికెళ్ళి, సబ్బు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరదాకా కడిగింది. ఆమె తప్పేం లేదు. ఎవరైనా అదే చేస్తారు. ఇది సోరియాసిస్ తల్లీ, అంటుకునేది కాదు అని చెప్పొచ్చు. కానీ చెప్పడానికి నోరు తెరిస్తే చొక్కా విప్పినట్టే ఉంటుంది అతనికి. అందుకని చూడనట్టు లోపలికెళ్ళిపోయాడు.

పన్నెండేళ్ళుగా అతనితో కాపురం చేస్తున్న జబ్బది. ఇంట్లో ఏం కొనాలో, ఏం మానాలో అదే చెబుతుంది. సబ్బు వేరు, నూనె వేరు, రెండు నెలలకోసారి రక్తపరీక్ష. చొక్కా రంగు కూడా అదే ఎంచుతుంది. ముదురు రంగు వేసుకుంటే పొట్టు కనిపిస్తుందని, ఊరందరికీ రంగురంగుల బట్టలు కత్తిరించే మనిషి పన్నెండేళ్ళుగా తెల్లచొక్కాల్లోనే బతుకుతున్నాడు.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టర్ల దగ్గర ఒక రూలుంది. మనిషి అరచెయ్యి, వేళ్ళతో కలిపి, ఒంట్లో నూటికి ఒక వంతని వాళ్ళ లెక్క. జబ్బు పాకిన మేర అలాంటి అరచేతులు పది పడితే, ఏడాదిపాటు ఇంజెక్షన్లు ఉచితం. పదికి తగ్గితే మలాం రాసుకోమని చీటీ ఇచ్చి పంపేస్తారు. రెండేళ్ళ కిందట మాస్టరుకి పద్నాలుగు పడ్డాయి. ఏడాది ఇంజెక్షన్లిస్తే ఒళ్ళు అద్దంలా అయింది. అద్దంలా అయింది కాబట్టి ఇంక అక్కర్లేదని ఆపేశారు. కడుపు నిండింది కాబట్టి ఇక జన్మలో అన్నం అక్కర్లేదన్నట్టు. నాలుగో నెలకి మోచేతుల దగ్గర మొదలై మళ్ళీ పాకింది. క్రితం నెల కొలిపించుకుంటే ఎనిమిది. సొంత డబ్బుతో కొనాలంటే ఒక్క ఇంజెక్షను అతని మూడు నెలల జీతం.

ఎనిమిదని రాసిన కాగితం పట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చుంటే, పక్కనున్న ఒక లారీ డ్రైవరు ఆ కాగితంలోకి తొంగిచూసి, ఇంత చిన్న విషయానికి మొహం వేలాడేసుకుంటావేంటన్నా అన్నాడు. నెల్లాళ్ళు మలాం మానెయ్, రెండు అరచేతులెంతలో పాకుతాయి, మేమందరం అలాగే వచ్చాం. మళ్ళీ కొలిచే రోజు వచ్చే సోమవారం.

మానెయ్యడం డ్రైవరుకి తేలిక. మాస్టరుకి వీపుమీద మలాం రాసేది భార్య.

*

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. షాపు చొక్కాలకి గుండీలు, కాజాలు ఇంట్లోనే చేసిస్తుంది. చొక్కాకి ఇంతని ఇస్తారు. సూదిలో దారం ఉన్నంతవరకూ కుట్టి, కొస కొరికి, చొక్కా మడతపెట్టి లేచింది. మాస్టరు పీట మీద వీపు ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఆ వేళకి వీధి చివరదాకా నడిచొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ వేళ మలాముది.

వెంటనే రాలేదావిడ. వంటింట్లో నీళ్ళు కాగుతున్న చప్పుడు. తర్వాత సబ్బుతో చేతులు రుద్దుకుంటున్న చప్పుడు. ఒకసారి కడిగింది, రెండోసారి కడిగింది. మూడోసారి మళ్ళీ గిన్నె ముంచింది. మూడు వారాల కిందట ఒక్కసారే కడుక్కునేది. వీపుమీద మచ్చలు పెరిగేకొద్దీ కడగడమూ పెరిగింది.

డబ్బా మూత తీసి, రెండు వేళ్ళతో కొంచెం తీసుకుని, భుజం కింద రాయడం మొదలుపెట్టింది. వేళ్ళు వేడిగా ఉన్నాయి.

"ముందువైపు మీరు రాసుకునే చోట అంత ఎక్కువ కాలేదు," అందావిడ కొంతసేపయ్యాక. "నేను రాసే చోటే పాకుతోంది. చూశారా?"

"అదేం లేదు."

"ఉంది. నా చేతిలోనే ఏదో ఉంది. సూది పట్టుకుని పట్టుకుని గరుకెక్కాయి. ఆ గరుకు తగిలి రేగుతోందేమో. లేకపోతే నా చేతి గుణమేమో."

మాస్టరు దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆ డబ్బాలో మందు లేదు. మూడు వారాల కిందట ఆవిడ బజారుకెళ్ళినప్పుడు మలాం అంతా తీసేసి, చలికి పెదాలు పగిలితే రాసుకునే మామూలు జెల్లీ నింపాడు. అదీ తెలుపే, ఇదీ తెలుపే. ముందువైపు తను రాసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. వీపుకి మాత్రం రోజూ ఆవిడ నిష్ఠగా, ఒక్క మచ్చ వదలకుండా, ఉత్త జెల్లీ పూస్తోంది. పూసి, తన చేతుల్ని తిట్టుకుంటోంది.

ఒక్క మాట చెబితే ఆ వేడినీళ్ళ బాధ తప్పుతుంది. చెబితే ఆవిడ ఒప్పుకోదు. జబ్బుని కావాలని పెంచుకుంటారా అంటుంది. ఇంకో వంద చొక్కాలు తెచ్చుకుని కళ్ళు పోగొట్టుకుంటుంది. ఒకవేళ ఒప్పుకున్నా ఇంకో చిక్కుంది. ఆవిడకి అబద్ధం రాదు. బస్సులో కండక్టరు చిల్లర ఎక్కువిస్తే, దిగినదల్లా వెనక్కి పరిగెత్తి ఇచ్చొచ్చే మనిషి. ఆస్పత్రిలో ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే మొహమే చెప్పేస్తుంది. కాబట్టి సోమవారందాకా నోరు మూసుకోవాలి. సోమవారం తర్వాత కాళ్ళు పట్టుకుని చెప్పుకోవచ్చు. ఇలా లెక్కేసుకున్నాడు. ఆ వేడి వేళ్ళు వెన్ను పొడుగునా పాకుతుంటే లెక్క సరిగ్గానే ఉందనిపించింది గానీ, తల మాత్రం పైకెత్తలేకపోయాడు.

*

లోపలి గదికి తోలేసినందువల్ల ఒక సౌకర్యం దొరికింది. అక్కడ ట్రయలు అద్దాలు రెండున్నాయి, ఎదురెదురుగా. బుధవారం అందరూ భోజనాలకి వెళ్ళాక మాస్టరు గడియ పెట్టి, చొక్కా విప్పాడు. కటింగు నమూనాలు గీసే ఖాకీ కాగితం మీద తన అరచెయ్యి పెట్టి, వేళ్ళ చుట్టూ పెన్సిలు తిప్పి, కత్తెరతో కత్తిరించాడు. కాగితం చెయ్యి. దాన్ని ఒక్కొక్క మచ్చమీద పెట్టి, అద్దంలో చూసుకుంటూ, మిగిలిన ముక్కల్ని పక్క ముక్కలతో కలుపుకుంటూ లెక్కపెట్టాడు. బట్టలో తునకలు కలిపి జేబుగుడ్డ తియ్యడం అతనికి అలవాటే. వీపు మీదికి పొడుగు కొలబద్దతో కాగితాన్ని నెట్టి చూశాడు. మొత్తం పదీ పావు.

గుండె తేలికయింది. జబ్బు పెరిగిందని సంతోషపడ్డ మొదటి మనిషిని నేనేనేమో అనుకున్నాడు. అనుకోగానే ఆ సంతోషానికి సిగ్గేసి, అద్దాల్లో ముందూ వెనకా కనిపిస్తున్న ఇద్దరు మనుషుల్నీ చూడలేక, గబగబా చొక్కా తొడుక్కున్నాడు. గోడ అవతల అమ్మాయి ఎవరికో నడుం కొలుస్తోంది. ముప్ఫైరెండు అంది గట్టిగా. అవునన్న ఆ మనిషి బిగబట్టిన గొంతు వింటే చాలు, అతనిది ముప్ఫైరెండు కాదని మాస్టరు గోడ ఇవతల నుంచే చెప్పగలడు. కానీ టేపు ఇప్పుడు అతనిది కాదు.

గురువారం సాయంత్రం ఒక వింత జరిగింది. బస్సులో నిలబడి ఇంటికొస్తూ, వీపు గోక్కోవాలనిపించడం లేదని గమనించాడు. మూడు వారాలుగా కళ్ళకి కునుకు లేకుండా చేసిన దురద, ఎవరో దీపం ఒత్తి తగ్గించినట్టు తగ్గింది. పన్నెండేళ్ళలో దురద తగ్గినందుకు భయపడటం అదే మొదలు.

శుక్రవారం కాగితం చెయ్యి పెట్టి చూస్తే పది లేదు. తొమ్మిదిన్నర. శనివారం పొట్టు రాలడం ఆగి, మచ్చల అంచులు వెలిసిపోయినట్టు కనిపించాయి. ఉత్త జెల్లీకి ఇంత గుణం ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు. పన్నెండేళ్ళుగా మందులషాపుల్లో పోసినదంతా దండగేనా, పెదాలకి రాసుకునే జెల్లీ చాలునా అని ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. అదృష్టం పట్టాల్సినప్పుడు పట్టకుండా, పట్టకూడని వారంలో వచ్చి తలుపు తట్టింది.

ఆదివారం స్నానాల గదిలో అతను చేసిన పని చూసినవాళ్ళెవరూ లేరు. ఓర్చుకోలేనంత వేడినీళ్ళు పోసుకున్నాడు. కాలరు లోపల వేసే గట్టి కాన్వాసు గుడ్డముక్క షాపునుంచి తెచ్చుకున్నాడు. దానితో పొట్టమీద, తొడలమీద, మోచేతులమీద రుద్దాడు. మచ్చలు ఎర్రబడ్డాయి గానీ పెరగలేదు. ఒకచోట రక్తం వచ్చింది. కొరివితో తల గోక్కునేవాడిని జనం ఎందుకు తిడతారో తెలిసొచ్చింది. గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. బయట భార్య ఏదో కూనిరాగం తీస్తోంది. ఆవిడ పాట విని ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోవాలని చూశాడు.

సాయంత్రం మలాం రాస్తూ, "తగ్గుతోంది కదా," అందావిడ.

"ఊఁ."

"ఊఁ ఏంటి, వేలెట్టి చూపిస్తాను రండి అద్దం దగ్గరికి. ఇక్కడ, ఈ భుజం కింద, మొన్నటిదాకా ఎంత మందంగా ఉందో. నా చెయ్యి మంచిదే అయిందండీ చివరికి."

చేతులు మాత్రం మూడుసార్లు కడగడం మానలేదు. తగ్గుతున్నప్పుడు మానకూడదంది. వేడినీళ్ళకి, సబ్బుకి వేళ్ళ కణుపులు పగిలి, గీతల్లో ఎరుపు కనిపిస్తోంది. ఆ చేతులవైపు మాస్టరు చూసీ చూడనట్టు చూసి, చొక్కా అందుకున్నాడు.

*

సోమవారం ఆస్పత్రికి తనూ వస్తానంది. షాపుకి అర్ధరోజు సెలవు కదా, తోడుంటానంది. వద్దనడానికి కారణం దొరకలేదు.

కొలిచే గది చిన్నది. ఒక బల్ల, ఒక తెర, ఒక బీరువా, చేతులు కడుక్కునే తొట్టి. కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడేసుకున్న నడివయసు సిస్టర్ ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. చొక్కా విప్పమంది. భార్య అందుకుని చేతిమీద వేసుకుని తెర పక్కన నిలబడింది. పరాయి మనిషి ముందు అతను చొక్కా విప్పడం ఆవిడ చూడటం అదే మొదటిసారి. ఎటు చూడాలో తెలియక బీరువా వైపు చూసింది.

సిస్టర్ అతని చెయ్యే పట్టుకుని, అతని ఛాతీమీద, పొట్టమీద, తొడలమీద, పిక్కలమీద పెట్టిస్తూ లెక్కపెట్టింది. బట్టల మనిషిలాగే చిన్న ముక్కల్ని కలుపుకుంటూ పోయింది. మాస్టరు తనకి తెలియకుండానే ఛాతీ పొంగించి, పొట్ట ముందుకి తోసి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళుగా ఊపిరి వదలమని ఊరందరికీ చెప్పిన మనిషి.

"ముందువైపు ఆరు," అని రాసుకుంది. వెనక్కి తిరగమని, కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "వీపుకి రెండున్నర వేసుకోవచ్చు. ఎనిమిదిన్నర." కలం ఎత్తి ఆగింది. "తగ్గుముఖంలో ఉందే. ఏం రాస్తున్నారు?"

తెర పక్కనుంచి భార్య ముందుకొచ్చింది. ఎవరైనా ఆ ప్రశ్న అడగాలనే ఎదురుచూస్తున్నట్టు, సంచిలోంచి డబ్బా తీసింది. దాని వెనకే ఒక కొత్త ట్యూబు తీసింది. మూడొంతులు ఖాళీ అయిన ట్యూబు.

పాత మలాం పనిచేయడం లేదని బుధవారం మందులషాపుకి తానే వెళ్ళానని చెప్పింది. వాళ్ళు ఇంతకంటే గట్టిది ఉంది గానీ ఖరీదన్నారని, మూడొందల కాజాల డబ్బు చేతిలో ఉంటే పెట్టి కొన్నానని చెప్పింది. ఈయనకి తెలిస్తే అంత పెట్టి ఎందుకు కొన్నావని గొడవ పెట్టుకుంటారని, చప్పుడు చేయకుండా పాత డబ్బాలోనే కలిపేశానని, కొంచెం నవ్వుతూ చెప్పింది. ఒకే డబ్బాలో ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు వంట చేశారన్నమాట. మాస్టరు గోడవైపు తిరిగి ఉన్నవాడు అలాగే ఉండిపోయాడు.

"నా చేతివల్లే ఎక్కువవుతోందని భయపడ్డాను సిస్టర్," అంది ఆవిడ. "రోజూ వేడినీళ్ళతో మూడుసార్లు కడుక్కునే రాస్తున్నాను."

సిస్టర్ ఆవిడ చేతులు పట్టుకుని తిప్పి చూసింది. "ఇలా కడక్కూడదమ్మా. చూడు ఎలా పగిలాయో. నీ చేతిలో ఏం లేదు."

"నిజంగా లేదాండీ?"

ఆ 'నిజంగా' అన్నమాట దగ్గర మాస్టరుకి నిలబడే ఓపిక అయిపోయింది. ఇంజెక్షను పోతుందని తెలుసు. ఏడాదంతా పోతుందని తెలుసు.

"అందులో మందు లేదు," అన్నాడు గోడతో. "మూడు వారాల కిందట నేనే తీసేశాను. ఉత్త జెల్లీ నింపాను. ఇది పది కావాలని. తను రోజూ రాసింది అదే."

తొట్టిలో కుళాయి చుక్కలు పడుతున్నాయి. భార్య ముఖం అతనికి కనిపించడం లేదు. తిరిగి చూసే ధైర్యం లేదు. నడుం పైన బట్ట లేకుండా, పన్నెండేళ్ళుగా తెల్లచొక్కాల కింద దాచుకున్న ఒంటితో నిలబడినందుకు సిగ్గుగా లేదు. ఆ సిగ్గు దీని ముందు ఏపాటి.

సిస్టర్ కలం మూత పెట్టింది. మళ్ళీ తీసింది. "ఈ నెలలో ఇలా మందు మానేసి వచ్చినవాళ్ళలో మీరు పదకొండో మనిషి," అంది. "నోటితో చెప్పింది మాత్రం మీరొక్కరే."

ఫారం మీద తను వేసిన అంకెని సిస్టర్ మళ్ళీ చూసింది.

"నా కంటికి రెండున్నరే కనబడుతోంది. నా చేత్తో నేను నాలుగని రాయలేను. పైన సంతకం పెట్టే డాక్టరుగారు నన్నే అడుగుతారు." ఫారం వెనక్కి తిప్పి, ఏదో చదువుతున్నట్టు చూసింది. "కానీ ఇందులో చెయ్యి పెట్టి కొలవమని ఉంది. కంటితో చూసి వెయ్యమని లేదు. వీపు మీదికి ఆయన చెయ్యి అందదు. ఇంట్లోవాళ్ళు పెట్టి చూడకూడదని కూడా ఎక్కడా రాసి లేదు." భార్య వైపు తిరిగింది. "ఈ వీపు రోజూ చూసేది నువ్వేకదమ్మా. నువ్వు కొలిచి చెప్పు, నేను రాసుకుంటాను."

అని లేచి, తొట్టి దగ్గరికెళ్ళి, అటు తిరిగి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. చాలా నెమ్మదిగా కడుక్కుంటోంది.

మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. చొక్కా కుర్చీ మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వెళ్ళిపోయిందేమో అనుకున్నాడు. వెళ్ళిపోయినా అడగడానికి మొహం లేదు.

ఎడమ భుజం కింద చెయ్యి పడింది. చల్లటి చెయ్యి. పగిలిన కణుపులు గరుగ్గా తగిలాయి.

"ఒకటి," అందావిడ. గొంతులో ఏమీ లేదు.

చెయ్యి లేచి వెన్నుకి అవతల పడింది. "రెండు." నడుం దగ్గర, అటూ ఇటూ సర్దుకుని పడింది. "మూడు." ఆవిడ అరచెయ్యి అతని దానికంటే చిన్నది. ఎంత చిన్నదో అతనికి అంగుళాల్లో తెలుసు. ఆ లెక్కన చూసినా వీపు అంతటితో అయిపోవాలి.

చెయ్యి మళ్ళీ లేచింది. గాలిలో కొంచెం ఆగింది. తర్వాత ఎడమ భుజం కిందకే వచ్చి పడింది. ఇందాకటి చోటే. కొంచెం వాలుగా. కొలతలు తీసే మనిషి కదా, కళ్ళు మూసుకున్నా అతనికి తెలుస్తుంది. అక్కడ ఇంకా కాస్త మిగిలిన గట్టి పొర ఉంది, ఆవిడ నిన్న సాయంత్రం వేలెట్టి చూపిస్తానన్నది అదే.

"నాలుగు," అందావిడ. ఆ చెయ్యి సగం పక్కకి జరిగింది. "నాలుగున్నర."

అబద్ధం రాని మనిషి అర కూడా వదల్లేదు.

సిస్టర్ కుళాయి కట్టేసి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఎవరి ముఖంలోకీ చూడకుండా, పదిన్నర అని రాసి, కింద గీత గీసింది.

*

కౌంటరులో గుమాస్తా ముద్ర కొట్టి, మొదటి ఇంజెక్షను గురువారమన్నాడు. ఏడాది తర్వాత మళ్ళీ కొలుస్తారని, అప్పటికి తగ్గి ఉంటే ఆపేస్తారని కూడా, అందరికీ చెప్పేదే అప్పజెప్పాడు. భార్య ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

బస్సులో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తోంది. కండక్టరు చిల్లర ఇచ్చాడు. ఆవిడ అరచేతిలో వేసుకుని చూసి, ఒక నాణెం ఎక్కువ వచ్చిందని తిరిగిచ్చేసింది. మాస్టరు ఆ నాణెం వైపు చూశాడు, ఆ చెయ్యి వైపు చూశాడు. ఆ చేతితో తను ఇవాళ అబద్ధం చెప్పించాడు. తన అబద్ధం తనది. అది ఎక్కడో ఒకచోట అరుగుతుంది. ఆవిడది ఆవిడకి అరగదు.

మూడు స్టాపులు దాటాక, "తప్పు చేశాను," అన్నాడు.

ఆవిడ బయటికే చూస్తోంది. "మూడు వారాలు నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను," అంది.

మధ్యాహ్నం షాపుకెళ్ళాడు. లోపలి గదిలో పన్నెండు ప్యాంట్లు కత్తిరించాడు. కొలత పుస్తకంలో అమ్మాయి రాసిన నడుముల్లో నాలుగు అబద్ధమని చూడగానే తెలిసింది. ఎవరు బిగబట్టారో, ఎంత బిగబట్టారో అంకెల్లోనే కనిపిస్తోంది. మామూలుగా అయితే పుస్తకం పట్టుకుని బయటికెళ్ళి నాలుగు మాటలనేవాడు. ఇవాళ ఏమీ అనకుండా, ఆ నాలుగింటికీ వెనక కుట్టులో అంగుళమున్నర గుడ్డ ఎక్కువ వదిలి కత్తిరించాడు. బిగుతైనప్పుడు విప్పుకుంటారు. కాగితం చెయ్యి డ్రాయరులో కనబడితే తీసి, నాలుగు ముక్కలు చేసి, తునకల బుట్టలో పడేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆవిడ కాజాలు కుడుతోంది. తల ఎత్తలేదు. మాస్టరు చొక్కా విప్పి, పీట వేసుకుని, అలవాటు ప్రకారం వీపు అటు తిప్పుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక, రాయమని అడిగే హక్కు తనకి ఉందా అనిపించింది. లేవాలా, కూర్చోవాలా తెలియలేదు. ముందున్న గోడమీద సున్నం పెచ్చు లేచిన చోటు చూస్తూ కూర్చున్నాడు. వెనక సూది లాగుతున్న చప్పుడు. దారం లాగినప్పుడల్లా సన్నగా గీరుకుంటున్న చప్పుడు. ఆ కాజా అయింది. ఇంకోటి మొదలైంది. అదీ అయింది.

కొస కొరికి, చొక్కా మడతపెట్టి, ఆవిడ లేచింది. అతను వంటింట్లో నీళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. గిన్నె మోగలేదు. కుళాయి తిప్పలేదు. అడుగులు తిన్నగా అతని వెనక్కే వచ్చాయి. సంచిలోంచి ట్యూబు తీసింది. చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. అంతే, కడుక్కోలేదు.

మందు చల్లగా భుజం కింద తగిలింది. ఆవిడ వేలికి అంటుకున్న దారపు పోగు కూడా తగిలింది. మాస్టరు కదలకుండా, రాయిలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. చెయ్యి ఆగింది.

"ఊపిరి వదలండి," అందావిడ. "నేనిప్పుడు కొలతేం తియ్యడం లేదు."